చప్పుడు చేయని పాయింట్లు

మోల్దిర్ ఏం కొన్నా భర్త ఫోను టింగుమంటుంది.

పిండి కొంటే టింగు. తలనొప్పి మాత్ర కొంటే టింగు. మరుక్షణం యెర్బొలాత్ దగ్గర్నుంచి ఫోను. "మందుల షాపులో ఏం పని? ఎవరితో వెళ్ళావ్?"

చేతికి నోటు ఇవ్వడు. ఇచ్చింది తన ఖాతా మీదున్న బ్యాంకు కార్డు ఒక్కటే. అల్మాటీలోని ఆ అపార్టుమెంటు గడప దాటాలంటే కారణం చెప్పాలి. తిరిగొచ్చాక ఆ కారణం నిజమేనని నమ్మించాలి. ఒకసారి నమ్మించలేకపోయింది. చెయ్యి విరిగింది. మెట్ల మీద పడ్డానని డాక్టరుకు తనే చెప్పింది.

రైలెక్కి పారిపోదామంటే అతనిది రైల్వే కుటుంబం. దారిలో ఏ స్టేషన్‌లో చూసినా ఒక బాబాయో, మేనమామో ఉంటాడు. దేశానికి ఆ కొసన, సముద్రపు ఒడ్డున ఉన్న ఆక్తావ్‌లో ఆమె చిన్ననాటి స్నేహితురాలు షోల్పాన్ ఉంది. "ఎలాగోలా ఇక్కడికొచ్చి పడవే. మిగతాది నేను చూసుకుంటా" అంది. విమానమైతే మధ్యలో ఎక్కడా ఆగదు. పాస్‌పోర్టు భర్త బీరువాలో ఉన్నా ఫరవాలేదు, దేశం లోపల తిరగడానికి గుర్తింపు కార్డు చాలు. కానీ టికెట్టు కొంటే టింగుమంటుంది.

టింగుమననిది ఒక్కటే. కార్డు గీసినప్పుడల్లా పడే పాయింట్లు. వాటిని విమానం మైళ్ళుగా మార్చుకోవచ్చు. యెర్బొలాత్‌కి అవంటే వేళాకోళం. "కోళ్ళకి చల్లే గింజలు" అనేవాడు.

మోల్దిర్ ఆ గింజలు ఏరడం మొదలుపెట్టింది.

బజారు అవతలి దుకాణంలో పిండి కొంటే పాయింట్లు రెట్టింపని తెలిసింది. పండగ రోజుల్లో ఆక్తావ్ టికెట్టుకు మైళ్ళు బోలెడు కావాలి. నడి చలికాలంలో, వారం మధ్యలో, పొద్దుటి విమానానికైతే అందులో సగం కూడా అక్కర్లేదు. ఎయిర్‌లైన్ వాళ్ళు అప్పుడప్పుడు ఖాళీ సీట్లను మరీ తక్కువ మైళ్ళకు వదిలేస్తారు. అప్పుడు పన్నులు కూడా మైళ్ళలోనే తీసేసుకుంటారు. ఇవన్నీ ఫోన్‌లో చదివి చదివి కంఠతా పట్టింది.

ఇక మిగిలింది అత్తగారు.

కుల్పాష్ రోజంతా వీధి తలుపు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేది. కొడుకు కారు చప్పుడు వినబడగానే టీవీ కట్టేసి, కోడలు ఎక్కడుందా అని కళ్ళతో వెతికేది.

"ఏంటే ఇది, గిన్నె నిండా టీ పోశావ్? తాగేసి వెళ్ళిపొమ్మనా?" నిండా పోస్తే ఇక దయచెయ్యమన్నట్టేనని అక్కడి ఆనవాయితీ.

"తప్పయింది అత్తయ్యా."

ఒకరోజు వెనక నుంచి ఫోన్‌లోకి తొంగి చూసింది. "ఏంటా అంకెలు?"

మోల్దిర్ ఫోన్ బోర్లించింది. "దుకాణం వాళ్ళ పాయింట్లు. సబ్బులిస్తారట."

"నీ ఒక్కదానికేనా? నా పెన్షన్ కార్డుకీ పెట్టు. ఎట్లా చూడాలో, ఎట్లా మార్చాలో అంతా చెప్పు. ముసలిదానికి బుర్ర లేదనుకోకు."

చెప్పక తప్పలేదు. ఆ రోజు నుంచీ ఆవిడకు కోడలి ఫోన్ మీదే కన్ను. మోల్దిర్ కాస్త పక్కకు తిరిగితే చాలు, వెనకాలే చెప్పుల చప్పుడు.

అంత దూరం పోయి పిండి ఎందుకు తెస్తున్నావని యెర్బొలాత్ నిలదీశాడు.

"నేనే తెమ్మన్నా. ఇక్కడి పిండితో రొట్టె పొంగి చావట్లేదు" అని కసిరింది కుల్పాష్. ముసలావిడ జిహ్వచాపల్యం పుణ్యమా అని ఆ పూట గండం గడిచింది.

చివరికి జనవరిలో టికెట్టు దొరికింది. విమానం ఉన్న రోజు ఉదయం యెర్బొలాత్ పనిమీద ఊరు దాటాడు. ఇంకా అదృష్టం, కుల్పాష్ కూడా శాలువా కప్పుకుని చేతికర్ర అందుకుంది.

"బీపీ చూపించుకోడానికి పోతున్నా. తలుపేసుకో. ఎవరొచ్చినా తియ్యకు."

ఆవిడ అలా వెళ్ళగానే మోల్దిర్, జాడ చెప్పేస్తుందని ఫోన్‌ని దుప్పట్ల కింద దాచింది. రెండు జతల బట్టలు చెత్త సంచిలో కుక్కుకుని, చెత్త పారేయడానికి పోతున్నదానిలా మెట్లు దిగింది. బస్సు కార్డులో ఒక్క ప్రయాణానికి సరిపడా మిగిలి ఉంది.

విమానంలో కిటికీ పక్క సీటు. బయట అల్మాటీ పొగమంచు. ఆలస్యమవుతుందన్నారు. ఇంకో ప్రయాణికురాలు రావాలన్నారు. తలుపు తెరిచే ఉంది. అతను ఈపాటికి ఫోన్ చేసే ఉంటాడు. కారు వెనక్కి తిప్పే ఉంటాడు. ఎవరు లోపలికొచ్చినా మోల్దిర్ తల కిందికి దించుకుంటోంది.

నడవలో చేతికర్ర చప్పుడైంది. తలెత్తింది.

తెల్ల తలగుడ్డ. రొప్పుతూ, ఒక్కో వరసా వెతుక్కుంటూ కుల్పాష్ వస్తోంది.

మోల్దిర్ లేవబోయింది. ఒకవైపు కిటికీ. ఇంకోవైపు ఖాళీ సీటు, దాని పక్కన లావుపాటి మనిషి. ఆయన లేచి పెద్దావిడకు దారి ఇచ్చాడు. కుల్పాష్ ఆ ఖాళీ సీట్లో కూలబడింది. ఇక బయటికి దారి లేదు.

"నేను రాను అత్తయ్యా," అంది మోల్దిర్. "మీ అబ్బాయికి ఏమైనా చెప్పుకోండి. చంపినా ఆ ఇంటికి రాను."

కుల్పాష్ బెల్టు పెట్టుకుంటూ, తలుపు వైపే చూస్తూ, కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇంకా తలుపు వెయ్యరేమే వీళ్ళు, వాడొచ్చి మనిద్దర్నీ ఈడ్చుకుపోతే?"