మంగళవారం వచ్చిన మనిషి

పక్కింటి వసంతలక్ష్మి ఉమతో అన్నదట. స్నేహితురాలు కదా, ఉమ వచ్చి హైమ చెవిన వేసింది.

ఎవరో ముసలి తెల్లాయన, లావు టైర్ల సైకిలేసుకుని, ఒళ్ళంతా ఎర్రదుమ్ముతో, ఈ నెలలో మూడుసార్లు హైమ గుమ్మం దాకా వచ్చాడట. ఇంటావిడతో ఆవిడ భర్త సంగతి మాట్లాడాలి, ఆవిడతోనే మాట్లాడాలి అన్నాడట.

ఇంకెవడు, యాక్సిడెంట్ లాయర్ తాలూకు మనిషే అని వసంతలక్ష్మి తేల్చేసింది. అమెరికాలో మనిషి పోతే కాకికన్నా ముందు లాయరు వాలతాడని ఆవిడ నమ్మకం.

హైమకు తోడుగా పగలంతా ఆ ఇంట్లోనే ఉండే ఆవిడే తలుపు తీసి, మొహాన పొమ్మనడానికి మర్యాద అడ్డొచ్చి, మొదటిసారి "ఇవాళ మంగళవారం, మాలో పరామర్శకు రాకూడదు" అని పంపేసిందట. రెండోసారి శుక్రవారం పడింది. మూడోసారి ఆదివారమే గాని, అమావాస్య.

"ప్రతిసారీ బుద్ధిగా తలూపి వెళ్ళిపోయాడట పిచ్చిమనిషి. డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరకనట్టు," అని ఉమ నవ్వబోయి, హైమ మొహం చూసి ఆపేసింది.

హైమ "ఊఁ" అంది. ఆ రోజుల్లో దేనికైనా అంతే అనేది.

ఆమె భర్త శ్రీరామ్ వాళ్ళుండే చాండ్లర్ ఊళ్ళోనే కంప్యూటర్ చిప్‌ల కంపెనీ ఇంజనీరు. శనివారం తెల్లారకముందే సైకిల్ కారుకెక్కించుకుని, ఊరవతల ఎడారిలో గులకరాళ్ళ బాట పట్టేవాడు. తిరిగొచ్చి గరాజ్‌లో చతికిలబడి టైర్లలోంచి ముళ్ళు పీకేవాడు. "చూడు హైమా, మన పల్లేరుకాయే. దీనికి వీసా ఎవడిచ్చాడో" అనేవాడు.

2007 జూన్‌లో ఒక శనివారం తిరిగి రాలేదు.

ఎండదెబ్బ అన్నారు పోలీసులు. ఎవరో సైకిలాయన చూసి ఫోన్ చేశాడట. హెలికాప్టర్ వెళ్ళేసరికి ప్రాణం లేదట. ఆ సైకిలాయన పేరు అడిగితే, చెప్పడానికి రూల్స్ ఒప్పుకోవన్నారు.

హైమకు ఏడుపు రాలేదు. కుక్కర్ పెట్టేది, తినడం మరిచేది. వాషింగ్ మెషీన్ తిప్పేది, తడిబట్టలు అందులోనే మాగిపోయేవి. గొంతులో చేపముల్లులా మాత్రం ఒక్కటి ఉండిపోయింది.

అతను ఒక్కడే పోయాడా? పోయేముందు ఏమైనా అన్నాడా?

అది తెలిస్తే ఏడవగలననుకుంది.

అక్టోబర్లో ఎండలు తగ్గాక, వసంతలక్ష్మిని కారు తీయమంది. ఎడారిబాట మొదట్లో సైకిళ్ళు దించుకుంటున్న ప్రతివాళ్ళనూ ఆపి, జూన్‌లో పోలీసులకు ఫోన్ చేసిన సైకిలాయన ఎవరని అడిగింది. చాలామంది తల అడ్డంగా ఊపారు. చివరికి ఒకమ్మాయి చెప్పింది. ఆ రోజు ఫోన్ చేసింది వాల్టర్, రిటైరైన స్కూలు మాస్టారు. పోయిన నెల నిద్రలోనే గుండె ఆగింది. భార్య మార్తా ఈ దారి చివరి ఇంట్లోనే ఉంటుంది.

హైమకు ఏమీ అనిపించలేదు. పోయినవాడి పెళ్ళాం ఇంకో పోయినవాడి పెళ్ళాం ఇంటికి నడిచింది, అంతే.

మార్తా ఎందుకొచ్చారని కూడా అడగకుండా లోపలికి రమ్మంది. ఎదురుగా గోడకున్న ఫొటో చూసి వసంతలక్ష్మి గుమ్మంలోనే నిలబడిపోయింది. హైమ అది గమనించింది గాని, ఎందుకని అడగలేదు. తానెవరో ఇంగ్లీషులో రెండు ముక్కల్లో చెప్పుకుంది.

మార్తా కుర్చీ లాగి ఆమెను కూర్చోబెట్టింది.

"మీ ఆయన ఒంటరిగా పోలేదు. వాల్టర్ వెళ్ళేసరికి స్పృహలోనే ఉన్నాడు. అక్కడ చెట్టు లేదు కదా. ఎండకు అడ్డంగా నిలబడి, మీ ఆయన్ని తన నీడలో ఉంచాడు. ఊపిరి ఆగేదాకా కదల్లేదు."

"ఏమైనా అన్నాడా?"

అన్నాడట. ఒకే మాట, మళ్ళీ మళ్ళీ. ఇంగ్లీషు కాదు. నా భార్యకు చెప్పండి అని మాత్రం ఇంగ్లీషులో అన్నాడట. అర్థం తెలియని ఆ మాటను వాల్టర్ చప్పుడు చప్పుడుగా బట్టీ పట్టాడు. రాసిపెట్టుకోమని మార్తా అంటే, తెలియని పలుకును మన అక్షరాల్లో కుక్కితే విరిగిపోతుందన్నాడు. రోజూ పొద్దున్నే లేచి, ఎక్కాల్లా వల్లె వేసేవాడు. ఎలాగో అడ్రస్ పట్టుకుని చాండ్లర్ వెళ్ళాడు. మూడుసార్లు వెళ్ళాడు. ఏదో రోజు బాగాలేదని పంపేశారు. వాళ్ళ దుఃఖానికి వాళ్ళ లెక్కలుంటాయి, నంబరు ఇచ్చొచ్చాను, మంచిరోజు చూసుకుని వాళ్ళే పిలుస్తారు అని ఎదురుచూశాడు. ఫోన్ మోగితే తానే తీసేవాడు.

గుమ్మంలోంచి తెలుగులో గొణుగుడు వినిపించింది. "లాయరనుకున్నానే హైమా."

హైమ వెనక్కి తిరగలేదు. మార్తా చెయ్యి పట్టుకుంది.

"రోజూ ఈ ఇంట్లోనే అనేవాడు కదా. మీ చెవిన పడే ఉంటుంది. కొంచెమైనా గుర్తు తెచ్చుకోండి. మొదటి ముక్క చెప్పండి చాలు, మిగతాది నేను పోల్చుకుంటాను."

మార్తా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మొగుడూ పెళ్ళాల మధ్య మాట నేను వినడమేమిటని, ఆయన మొదలుపెట్టగానే లేచి తలుపు వేసేసుకునేదాన్ని."