మూడు దిండ్లు

ఆయా తడిగుడ్డతో అతని పాదాలు తుడుస్తోంది.

చీలమండ దగ్గర బొటనవేలితో నొక్కి చూసింది. పడిన గుంట పడినట్టే ఉంది.

"అమ్మా, కాళ్ళు వాచాయి. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడటం లేదు. ఒకసారి గుండె చూపించండి."

మందుబిళ్ళలు వేరుచేస్తున్న అతని భార్య తల తిప్పలేదు.

"దెబ్బ తగిలింది తలకి. గుండెకి కాదు."

"రేపు పన్ను నొప్పికి కళ్ళజోడు పెట్టమంటుంది వదినా," అన్నాడు మరిది, సోఫాలోంచి.

ఆయా పక్కగదిలోంచి ఇంకో రెండు దిండ్లు తెచ్చింది. మూడూ అతని వీపు కింద మెట్లలా పేర్చింది. ఆయాసం కాస్త తగ్గింది.

మోటారు సైకిలు ప్రమాదం జరిగి నెలైంది. అతన్ని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చి వారం. ఆయా పనిలో చేరిందీ ఆ రోజే.

భార్య వచ్చి రెండు దిండ్లు లాగేసింది.

"తల కదపొద్దన్నారని ఎన్నిసార్లు చెప్పాలి? నువ్వొచ్చింది ఒళ్ళు తుడవడానికి, వైద్యం చెయ్యడానికి కాదు."

"తల దెబ్బకి గుండె కూడా చెడుతుందమ్మా. చూశాను."

"ఎవరికి చూశావేం?"

"మా ఇంట్లో మనిషికే."

భార్య ఆ మనిషి ఎవరని అడగలేదు.

"ఆ దిక్కుమాలినవాడు బండికి అడ్డం రాకపోతే మాకీ ఖర్మ ఉండేదా? వాడు పోయి సుఖపడ్డాడు. నీలాంటివాళ్ళ సలహాలు వినాల్సింది మేము."

ఆయా గుడ్డ పిండి ఆరేసింది. సాయంత్రం వెళ్ళేముందు దిండ్లు మంచం పక్కనే, చేతికందేలా పెట్టింది.

"రాత్రి ఆయాసపడితే పెట్టండమ్మా."

మర్నాడు ఆమె వచ్చేసరికి అతని మొహం మీద దుప్పటి కప్పి ఉంది. దిండ్లు పెట్టినచోటే ఉన్నాయి.

ఆసుపత్రిలో చూసిన డాక్టరే వచ్చాడు. పాదాలు నొక్కి చూశాడు.

"తలకి గట్టి దెబ్బ తగిలితే కొందరికి గుండె నీరసిస్తుంది. ఇంత వాపు ఎవరూ గమనించలేదా? నిన్న తెచ్చినా బతికేవాడేమో."

వదినా మరిదీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"దీన్ని పెట్టుకున్నది అందుకేగా డాక్టరుగారూ. ఒక్క మాట చెప్పి చావలేదు," అంది భార్య, గుమ్మం వైపు చెయ్యి చూపించి.

డాక్టరు తలెత్తి ఆయాని చూశాడు. ఎక్కడ చూశాడో గుర్తొచ్చింది.

"కాలు నొక్కి వాపు చూడటం ఈమెకు నేర్పింది నేనే," అన్నాడు నెమ్మదిగా.

ఆమె వంగి చెప్పులు వేసుకుంది.

"మీ ఆయన బండి గుద్దిన మనిషి గుండె ఆగి పోయేదాకా, పది రోజులు మా వార్డులో అతని పాదాల దగ్గర కూర్చున్న భార్య ఈమె," అని డాక్టరు చెప్పేలోపే, ఆమె మెట్లు దిగిపోయింది.