ఫోర్‌మన్ గారి వాకిట్లో లీకు

ట్రక్కు కింద పెట్టిన రేకు పళ్ళెంలో మళ్ళీ డీజిల్ చేరింది.

బుర్హానుద్దీన్ దాని ముందు గొంతుకూర్చుని, పరీక్ష తప్పినవాడు మార్కుల కాగితం చూసినట్టు చూశాడు. దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో పెద్ద వర్క్‌షాప్‌కు ఆయన ఫోర్‌మన్. ఇంజిన్ దగ్గితే చాలు, జబ్బు చెప్పేస్తాడని పేరు. అలాంటివాడు సొంత వాకిట్లో, సొంత అల్లుడి ట్రక్కు నుంచి కారే చుక్కను ఆపలేకపోతున్నాడు.

చుక్క ఎక్కడినుంచి కారుతోందో తెలియక కాదు. ముందు చక్రం వెనక, చాసీకి బిగించిన డీజిల్ ఫిల్టర్ ఉంది. దానికి పైపును పట్టి ఉంచే బోల్ట్ దగ్గర లీకు. మొదట రాగి వాషర్ మార్చాడు. మర్నాడు బోల్టే మార్చాడు. సాయంత్రం ఇంజిన్ నడిపి చూస్తే పొడిగుడ్డకు తడి అంటదు. పొద్దున చూస్తే బోల్ట్ అరచుట్టు వదులు, పళ్ళెంలో డీజిల్.

దీనికి ఆయనకు తోచిన కారణం ఒక్కటే, చేతుల్లో సత్తువ పోయింది. ఏళ్ళ తరబడి కుర్చీలో కూర్చుని, అది బిగించు, ఇది ఊడదియ్యి అని వేలు చూపించిన చేతికి ఇక వేలు చూపించడమే వచ్చు.

కొత్తగా పనిలో చేరేవాళ్ళను ఆయన ముందు చేతులు చాపమనేవాడు. పానా జారితే వేళ్ళ కణుపులు చెక్కుకుపోతాయి. కణుపుల మీద తోలు లేవనివాడు బోల్ట్ విప్పనట్టే అని ఆయన సిద్ధాంతం. ఇప్పుడు తన కణుపులు చూసుకుంటే బ్యాంకు మేనేజరువిలా నున్నగా ఉన్నాయి.

అల్లుడు బాసిత్‌కు సౌదీలోని దమ్మామ్‌లో కొత్త ఉద్యోగం. ఆదివారం డ్యూటీలో చేరాలి. సామాను ఎక్కించి, టార్పాలిన్ కట్టి, మంగళవారమే బయల్దేరాల్సినవాళ్ళు గురువారం వచ్చినా ఇక్కడే ఉన్నారు. డీజిల్ కారే బండిని సరిహద్దు దగ్గర ఆపేస్తే ఎట్లా? ఆపకపోయినా, ఆ ఎడారి రోడ్డు మీద అందులో కూతురిని పంపడానికి ఆయనకు మనసొప్పదు.

కూతురు ఉమేరా పుట్టింది దోహాలోనే. పెళ్ళయ్యాక కూడా అల్ అజీజియాలో ఇదే విల్లాలో, గోడకు అవతలి వాటాలో కాపురం. పుట్టింటికీ ఆమె ఇంటికీ మధ్య దూరం ఒక చెప్పుల స్టాండు.

భార్య నఫీసా మాత్రం గట్టి మనిషి. కంట తడి లేదు. కారప్పొడులు దంచి డబ్బాల్లో పోసి, అట్టపెట్టెలకు టేపులు అంటించి, పిల్ల అక్కడికి పోతేనన్నా వంట నేర్చుకుంటుందని అందరి ముందూ అనేసింది. మొగుణ్ణి దెప్పడంలోనూ ఆమెదే ముందంజ. డీజిల్ కంపు అంటూ ట్రక్కు ఛాయలకు వచ్చేది కాదు. మొదటి రోజు టార్చ్ పట్టమంటే, చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చి నిలబడింది.

"గీ ఒక్క బోల్ట్‌కేనా గింత తమాషా?" అని అడిగింది.

"ఒక్కటే. ఇటు తిప్పితే బిగుస్తది, అటు తిప్పితే వదులైతది," అని ఆయన పాఠం చెప్పాడు.

"మరి ఇటే తిప్పుండ్రి."

ఆ మాట బాసిత్‌కు ఎంత నచ్చిందంటే, ఫోన్ చేసిన బంధువులందరికీ చెప్పి నవ్వించాడు.

దానికి తోడు మతిమరుపు. పానాల పెట్టె వంటగదిలో సింకు కింద ఉంటుంది. నిన్న ఆ బోల్ట్‌కు పట్టే పదిహేడో నంబరు పానా కోసం ఇల్లంతా వెతికితే పప్పు డబ్బాల వెనక దొరికింది. అక్కడ ఎప్పుడు పెట్టాడో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు.

బాసిత్ బయటికొచ్చి పళ్ళెం చూశాడు. ఈసారి నవ్వలేదు.

"మామూ, ఇగ చాలు. గులాం నబీని పిలుస్త. పొద్దటి పూటనే చేసి పోతడు."

గులాం నబీ బుర్హానుద్దీన్ కింద పనిచేసే మెకానిక్. రోజూ ఆయన చేత తిట్లు తినేవాడు. వాడొచ్చి ఈ బోల్ట్ బిగించాడంటే, సాయంత్రం చాయ్ వేళకు ఇండస్ట్రియల్ ఏరియా అంతా ఆ కథే. ఆదివారం నుంచి ఎవణ్ణి తిట్టాలన్నా నోరు లేవదు. అయినా పిల్లల ప్రయాణం కన్నా పరువు ఎక్కువా?

"పిలువు బేటా," అన్నాడు.

లోపలికి వచ్చి సోఫాలో కూలబడ్డాడు. బోల్టే మంచిది కాదని, తప్పు ఆయనది కాదని ఉమేరా పక్కన కూర్చుని సముదాయించింది. నఫీసా చాయ్ తెచ్చింది.

"జల్ది పిలువుండ్రి. పిల్లలు బయటపడితె నాకూ పని తగ్గుతది," అంటూ మొగుడికి గ్లాసు అందించింది.

అందుకోబోయిన ఆయన చెయ్యి గాల్లోనే ఆగింది. తర్వాత మెల్లగా గ్లాసు తీసుకుని, ఒక గుక్క తాగి, ఫోన్ చెవిన పెట్టుకున్న బాసిత్‌ను పిలిచాడు.

"వద్దు బేటా. గులాం నబీని పిలవకు."

"ఎందుకు మామూ?"

"వాడితోని అయ్యేది కాదు. పైపు మొత్తం మార్చాలె. ఆ సామాను ఇయ్యాల లేదు, రేపు శుక్రవారం దుకాణాలు బంద్. శనివారం పొద్దుగాల తెచ్చి ఏస్త, పగటికల్లా మీరు రోడ్డు మీద ఉంటరు. నా జిమ్మా."

"ఇన్ని రోజుల సంది బోల్ట్ అంటిరి. ఇప్పుడు పైపు అంటున్నరు. మీకు చేతకాదని ఒప్పుకోరాదు?"

"ఒప్పుకున్న. నాకు చేతకాదు. నీ ఇష్టమున్నోళ్ళకు చెప్పుకో."

బాసిత్ తల పట్టుకున్నాడు. ఉమేరా పకపకా నవ్వింది. బుర్హానుద్దీన్ ఆమెకన్నా గట్టిగా నవ్వాడు. నఫీసా ఒక్కతే నవ్వలేదు, ఖాళీ ట్రే పట్టుకుని నిలబడిపోయింది.

ఆమె వేళ్ళ కణుపులు చెక్కుకుపోయి ఉన్నాయి.