నిండు గీతలు

త్రిపురసుందరికి నెలలు నిండాయి. ఊరి శివారు జిగణిలో అద్దె ఇంట్లో పగలంతా ఒక్కతే. చేతిలో నలుపు తెలుపు ఫోను. అందులో ఎంత వెతికినా సిగ్నల్ ఒకటే గీత.

మొబైల్ కంపెనీలో పనిచేసే భర్త శశిధర్ సెలవు అడిగాడు. కొత్త టవరు ట్రయల్ అయ్యేదాకా కుదరదన్నారు. ఆ ట్రయల్ జిగణి టవరుదే కావడం తన అదృష్టం అనుకున్నాడు.

కొత్త టవరుకి కేబుల్ లేదు. ఉన్న కాస్త స్పెక్ట్రమూ, పవరూ రెండు వాటాలు. ఒకటి చుట్టుపక్కల ఫోన్లకి. రెండోది ఆ కాల్స్‌ని ఊళ్ళోని పెద్ద టవరుకి మొయ్యడానికి. మారతహళ్ళి ఆఫీసులో కూర్చుని ఆ వాటాలు వేసేది శశిధరే.

పొద్దున ఫోన్ల వాటా పెంచాడు. త్రిపుర ఫోన్ చేసి, మూడు గీతలొచ్చాయని సంబరపడింది.

"నొప్పులొస్తే ఒక్క రింగివ్వు," అన్నాడు. "నేను కట్ చేశానంటే బయల్దేరినట్టే."

కాల్‌కి డబ్బులెందుకని పెళ్ళైన కొత్తలోనే అలవాటు చేసుకున్న పద్ధతి అది. ఆమె సరేనంది. అతనికి ఇంకా బెంగ తీరలేదు. నాలుగో గీత కోసం, కాల్స్ మోసే వాటాలోంచి ఇంకొంచెం ఫోన్ల వైపు జరిపాడు.

పక్క సీటు ఇస్సాకు తొంగి చూశాడు. "మరీ లాగకు గురూ. మా కింది పోర్షన్‌వాళ్ళు కొళాయి తిప్పితే మాకు నీళ్ళెక్కవు."

ఈ ఒక్కరోజుకేలే అని శశిధర్ నవ్వేశాడు.

రోజంతా ఫోను మోగలేదు. మోగనంతసేపూ అతనికి ప్రాణం హాయిగా ఉంది. తనే చేద్దామనుకున్నాడు గానీ, పడుకుని ఉంటుంది, లేపడం ఎందుకని మానేశాడు.

జిగణి నుంచి ఫిర్యాదు కాల్స్ ఏమీ లేవని మేనేజరు భుజం తట్టాడు.

"ఒక్కటి కూడా రాలేదా?" అన్నాడు ఇస్సాకు. ఆ అడిగిన తీరు శశిధర్‌కి నచ్చలేదు.

సాయంత్రం బస్సు దిగి సందులోకి తిరిగాడు. ఇంటి ముందు చాలా చెప్పులున్నాయి. లోపల అంతమంది ఉన్నా మాటలు వినబడటం లేదు. ఇంటి ఓనరు అక్కయమ్మ గుమ్మంలో కూలబడి ఉంది.

"నాకు ఒక్క రింగూ రాలేదమ్మా," అన్నాడు.

అక్కయమ్మ తలెత్తింది. "ఆటో పిలుస్తానంటే వద్దనిందప్పా, 'చేసిన ప్రతి తూరీ ఆయన కట్ చేస్తానే ఉండాడక్కా, బయల్దేరినట్టే' అని కడదాకా నీ దోవ చూస్తానే పోయింది."