జీవరాజు సాక్ష్యం

సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని పాస్టరుగారు అడగ్గానే, వెనక వరుసలోంచి నడివయసు కొత్త మనిషి ఒకడు లేచాడు.

పేరు జీవరాజు. ఈ మధ్యే నిడదవోలు వచ్చి, స్టేషను దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు.

"నేను గంజాయితో మొదలుపెట్టి సూదుల దాకా వెళ్ళినవాణ్ణండి. అమ్మాను కూడా. దేవుడే బయటకి లాగాడు. ఎవరి బిడ్డయినా అందులో ఉంటే నా దగ్గరకి పంపండి," అన్నాడు.

అందరూ స్తోత్రం అన్నారు. దేవకుమారి టీచరు మాత్రం తల దించుకుంది.

ఆవిడ కొడుకు ఆరోన్ అందులోనే ఉన్నాడు. భర్త పోయాక ఒంటిచేత్తో పెంచిన పిల్లాడు. కాలేజీ మానేసి గదిలో పడి ఉంటే, పచ్చకామెర్లని ఊరంతా చెప్పుకొచ్చింది. సండేస్కూల్లో పిల్లలకి నీతులు చెప్పే మనిషి మరి, నిజం ఏ మొహం పెట్టుకుని చెప్తుంది?

కొన్నాళ్ళకి ఆరోన్ మళ్ళీ అన్నం తినడం, నవ్వడం మొదలుపెట్టాడు. తన ప్రార్థన ఫలించిందనుకుంది.

అంతలో ఓ సాయంత్రం కాలవ గట్టు మీద కొడుకునీ జీవరాజునీ చూసింది. జీవరాజు జేబులోంచి చిన్న పొట్లం తీసి ఆరోన్ చేతిలో పెడుతున్నాడు.

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. తిన్నగా సంఘ పెద్దల దగ్గరకి వెళ్ళింది. కొడుకు పేరు ఎత్తలేదు. కుర్రాళ్ళకి పొట్లాలు పంచుతున్నాడని మాత్రం చెప్పింది.

రుజువేంటని అడిగారు పెద్దలు.

"వేరే రుజువెందుకండి? అమ్మానని గుడిలో తనే సాక్ష్యం చెప్పాడు కదా."

జీవరాజుని పిలిపించారు. అతను ఏదో చెప్పబోయి, ఆవిడ వైపు చూసి ఆగిపోయాడు. ఇక గుడికి రావద్దని, ఊళ్ళో ఉంటే పోలీసులకి చెప్తామని అన్నారు.

"అలాగేనండి," అన్నాడు, అంతే.

వారం తిరక్కుండా కొట్టు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. ఆరోన్‌కి మళ్ళీ వణుకు పట్టుకుంది. తలుపేసుకుని బయటకి రావడం మానేశాడు. గట్టిగా నిలదీస్తే ఏడ్చేశాడు.

"అవి డాక్టరు రాసిన మాత్రలమ్మా. జీవరాజుగారి సాక్ష్యం సంగతి విని నేనే ఆయన దగ్గరకి వెళ్ళాను. నా దగ్గరుంటే అన్నీ ఒకేసారి మింగేస్తానని ఆయనే దాచి, ఏ రోజువి ఆ రోజు ఇచ్చేవాడు. నువ్వు స్కూలుకెళ్ళాక కొట్టు మూసేసి మరీ నన్ను కాకినాడ తీసుకెళ్ళేవాడు. నలుగురికీ తెలిస్తే నువ్వు తలెత్తుకోలేవని, ఎవరికీ చెప్పొద్దని నేనే మాట తీసుకున్నాను."

దేవకుమారికి అప్పుడు అర్థమైంది. ఆ రోజు అతను నిజం చెప్పి ఉంటే, పెద్దల ముందు తలవంచుకునేది తనే. తన పరువు కాపాడిన మనిషిని తనే ఊళ్ళోంచి వెళ్ళగొట్టింది. ఆ పాపం ఎక్కడ కడుక్కోవాలో తెలియలేదు. ఎక్కడికెళ్ళాడని స్టేషను దగ్గర అందరినీ అడిగింది. ఎవరికీ తెలియదన్నారు.

మర్నాడే కొడుకుని వెంటబెట్టుకుని కాకినాడలో ఆ డాక్టరు దగ్గరకి వెళ్ళింది. నర్సు ఆరోన్‌ని చూడగానే గుర్తుపట్టి పలకరించి, ఆవిడ వైపు తిరిగింది.

"అమ్మగారాండి? ఎప్పుడూ తీసుకొచ్చే వాళ్ళ నాన్నగారు ఈసారి రాలేదేంటండి?"