అడ్డంగా ఊపిన ఇంటిపేరు

"నీ ఇంటిపేరేంట్రా నాన్నా?" అని సిస్టర్ ఆల్వినె మళ్లీ అడిగింది.

హెనింగ్ తల అడ్డంగా ఊపాడు.

ఎప్పుడడిగినా అంతే. వాడికి నాలుగేళ్లు. యుద్ధం ముగిసే రోజుల్లో కాందిశీకుల రైల్లోంచి ఎవరో దింపి, జర్మనీలో హోల్‌స్టైన్‌లోని ఈ పిల్లల ఆశ్రమంలో వదిలిపోయారు.

పేరు హెనింగ్ అని చెప్పాడు. అమ్మ నీళ్లకోసం దిగిందని, ఇంతలో రైలు కదిలిందని చెప్పాడు. ఇంటిపేరు దగ్గరికొచ్చేసరికి మాత్రం తల ఊపడం, పైగా ఓ చిన్న నవ్వు.

ఆ నవ్వుకే ఆల్వినెకు ఒళ్లు మండేది.

తప్పిపోయిన పిల్లల పేర్లు రేడియోలో చదువుతున్నారు. కానీ ఒట్టి హెనింగ్ అని చదివితే ఏం లాభం? ఏ వీధిలో నిలబడి పిలిచినా ఇద్దరు హెనింగ్‌లు పలుకుతారు.

ఆ రోజు తొందర ఇంకా ఎక్కువైంది. సాయంత్రం పాల్సెన్ దంపతులు వాణ్ణి పెంచుకోవడానికి తీసుకెళ్తున్నారు. మంచివాళ్లే. ఒక్కగానొక్క కొడుకు యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు.

కానీ రేపట్నుంచి వీడు హెనింగ్ పాల్సెన్ అయిపోతాడు. ఇక కన్నతల్లి ఎంత వెతికినా దొరకడు.

అందుకే మధ్యాహ్నం చారు పోస్తూ, దారినపోయే ఆకలిగొన్నవాళ్లంతా వరసలో నిలబడి చూస్తుండగానే, వాణ్ణి పట్టుకుని మళ్లీ మళ్లీ అడిగింది. వాడు మళ్లీ మళ్లీ తల ఊపాడు.

వరసలో ఎవరో ఫక్కున నవ్వారు.

మగవాళ్ల కోటు తొడుక్కున్న ఒక ఆడమనిషి. చేతిలో రేకు గ్లాసు. వచ్చినప్పట్నుంచీ లోపలి పిల్లల్ని అదేపనిగా చూస్తోంది. ఆ చూపు ఆల్వినెకు నచ్చలేదు. ఈ మధ్యే దుప్పట్లు మాయమయ్యాయి మరి.

"పసివాణ్ణి ఎందుకమ్మా అట్లా కాల్చుకు తింటావు? ఎప్పట్నుంచో చెబుతూనే ఉన్నాడుగా" అంది ఆమె.

"ఏం చెప్పాడు?"

"తల ఊపాడా లేదా? అదే వాడి ఇంటిపేరు. ష్యుడ్డెకోఫ్."

ఆల్వినె తూర్పునుంచి వచ్చిన మనిషి. అలాంటి పేరు పుట్టి బుద్ధెరిగి వినలేదు.

ఆమే విడమరిచి చెప్పింది. హార్ట్స్ కొండల కింద, తమ యాసలో ష్యుడ్డె అంటే ఊపడమట, కోఫ్ అంటే తలట. ఆ ఇంటివాళ్ల ముత్తాతల్లో ఎవరో, ఎవరేమడిగినా కాదు పొమ్మని తల ఊపేవాడట. కాదు, ఆయనకు తల వణుకు జబ్బుండేదని ఇంకొందరంటారట. ఏదైతేనేం, ఊరు పెట్టిన పేరు వంశానికి అంటుకుంది. ఆ పేరుగల ఇళ్లు వేళ్లమీద లెక్కపెట్టొచ్చట, అన్నీ ఒకే రక్తమట.

"మాటలు రాకముందే పిల్లలకు ఈ ఆట నేర్పుతారు సిస్టరమ్మా. పేరడిగితే తల ఊపాలి, చుట్టాలంతా నవ్వాలి. ఇక్కడ ఎవరూ నవ్వకపోయేసరికి పాపం వీడికేం పాలుపోలేదు."

వరసంతా గొల్లున నవ్వింది.

ఆల్వినె మొహం కందగడ్డయింది. తల్లి లేని పిల్లాడి మీద వేళాకోళమా అనుకుంది.

"చారు అయిపోయింది. ఇక వెళ్లు" అంది.

చారు అయిపోలేదు. అది అందరికీ కనిపిస్తూనే ఉంది.

ఆమె పిల్లల వైపు ఒకసారి ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసి, ఖాళీ గ్లాసు కోటు జేబులో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆల్వినె విసురుగా వెనక్కి తిరిగింది. నమ్మకం లేకపోయినా నోటిదాకా వచ్చిన మాట ఆగలేదు.

"ష్యుడ్డెకోఫ్?"

హెనింగ్ నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత మొట్టమొదటిసారి తల నిలువుగా ఊపాడు. మెడ విరుగుతుందేమో అన్నంత గట్టిగా ఊపాడు.

ఆల్వినె గరిటె అక్కడే పడేసి రోడ్డుమీదికి పరుగెత్తింది. ఆ కోటు మనిషి అప్పటికే కనుచూపుమేరలో లేదు.

సాయంత్రం పాల్సెన్ భార్య సంగతంతా విని కాసేపు ఏడ్చింది. పిల్లాడికోసం అల్లిన ఉన్ని మేజోళ్లు మాత్రం ఇచ్చేసి, వాణ్ణి తీసుకోకుండానే వెళ్లింది.

రేడియోలో ఆ పేరు చదివారు. ఆ ఇంటిపేరుతో కొడుకును వెతుక్కుంటున్న తల్లి దేశం మొత్తంమీద ఒక్కతే. వారం తిరక్కుండా పాలలారీలో వచ్చి దిగింది.

గేటు దగ్గర నిలబడిపోయింది.

అక్కడినుంచే, "నీ ఇంటిపేరేంట్రా?" అంది.

హెనింగ్ నవ్వుతూ తల అడ్డంగా ఊపాడు.

ఆమె ఆ బురదలోనే కూలబడి, నవ్వుతూ ఏడుస్తూ వాణ్ణి వాటేసుకుంది. ఆల్వినెకు గుండెలమీది బరువు దిగిపోయింది.

ఆ తల్లిని వెంటబెట్టుకొచ్చిన పక్క ఊరి ఆశ్రమం సిస్టర్ గెజీనెతో ఆల్వినె, ఈ పుణ్యమంతా ఒక దారినపోయే మనిషిదని, పేరైనా అడక్కుండా తరిమేశానని చెప్పుకుంది. మగవాళ్ల కోటు, రేకు గ్లాసు అని ఆనవాళ్లు చెప్పింది.

"ఆవిడా? మా దగ్గరికీ వస్తుంది" అంది గెజీనె. "చారు వరసలో నిలబడుతుంది గానీ తాగదు. పిల్లల మొహాలు చూసుకుని వెళ్లిపోతుంది."

"ఎందుకు?"

"తనకూ ఓ కూతురు తప్పిపోయింది. రేడియోలో ఎన్నిసార్లు చదివినా లాభం లేదు. ఇంటిపేరు మైయర్. ఆ ఇంటిపేరున్న ఆడపిల్లలు మా దగ్గరే ముగ్గురున్నారు, ముగ్గురిలో ఒక్కతె కూడా ఆమె బిడ్డ కాదు."