అంకుల్ నేర్పిన పక్షులు

విడాకుల తర్వాత నా కూతురు ఆదివారాలు మాత్రమే నాది. ఆ ఆదివారం చేయంత పొడవున్న కొత్త టెలిఫోటో లెన్స్ తగిలించిన కెమెరా పట్టుకుని, అమ్మాయిని చెరువు దగ్గరికి తీసుకెళ్ళాను.

లకుముకి పిట్ట నీళ్ళపైన గాల్లో ఒక్కచోటే నిలబడి రెక్కలాడిస్తోంది. వీడియో మొదలుపెట్టాను. కెమెరా తెర మీద పిట్ట ఒకటే ఊగిపోతోంది.

"ఊపిరి బిగబట్టు నాన్నా. అంకుల్ అలాగే తీస్తారు."

అంకుల్ అంటే వాళ్ళమ్మ రెండోసారి పెళ్ళి చేసుకున్నాయన. చిన్నప్పట్నించీ పక్షుల పిచ్చి నాది. కూత విని పేరు చెప్పేస్తాను. నా పిల్లకి నేను నేర్పాల్సింది ఆయనెవరు నేర్పడానికి? ఆయన కూడా పక్షుల్ని తీస్తారని విని, ఆయన్ని మించాలనే ఈ లెన్స్ కొన్నాను.

అమ్మాయి నన్ను పక్కకి జరిపి, కెమెరాని స్టాండుకి బిగించి, పిట్ట నీళ్ళలోకి దూకి చేపతో లేచేదాకా కదలకుండా తీసింది.

"మీ అంకుల్‌కి తెలీనిది లేదన్నమాట," అన్నాను ఉండబట్టలేక.

అమ్మాయి నవ్వేసింది. "ఆయనకేం తెలుసు నాన్నా! పోయినేడు నీ దగ్గరికొచ్చి రోజంతా మాటాపలుకూ లేకుండా కూర్చునేదాన్ని కదా. నాన్నతో ఏం మాట్లాడాలో తెలీట్లేదని ఇంటికెళ్ళి ఏడ్చాను. నీకు పక్షులిష్టమని అంకులే అమ్మనడిగి తెలుసుకున్నారు. కెమెరా కొని, పుస్తకాలు చూసి నేర్చుకుని, నాకు నేర్పారు. ఇప్పటికీ కొంగకీ నారాయణపక్షికీ తేడా తెలీదు, పాపం."

సాయంత్రం అమ్మాయిని దింపినప్పుడు, ఎప్పుడూ లేనిది, నేనూ కారు దిగి వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళాను.

"వచ్చే ఆదివారం మీరూ రండి," అన్నాను తలుపు తీసినాయనతో. "కొంగలు చూపిస్తాను."